ప్రాసెసర్ 80 డిగ్రీలకు కాలిపోదు, భయపడాల్సింది వోల్టేజ్‌కి

ఎండాకాలం వచ్చేసరికి ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. దాని సారాంశం ఇది: "ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే కాలిపోతుంది. మన ఎండలకి లిక్విడ్ కూలర్ తప్పనిసరి. చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ నెలకోసారి మార్చాలి. మంచి కూలర్ పెట్టి ఓవర్‌క్లాక్ చేస్తే (కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పైకి లాగితే) 30 శాతం స్పీడ్ ఫ్రీ. టెంపరేచర్ తక్కువగా ఉన్నంతకాలం వోల్టేజ్ ఎంత పెంచినా ఏం కాదు." ఇందులో కొన్ని ఒకప్పటి నిజాలు, కొన్ని ఎప్పుడూ నిజం కానివి. పిల్లల బీటెక్ కోసం అప్పు చేసి ఒకే ఒక్క సిస్టమ్ కొనే ఇళ్లలో ఇది చదివి ర్యామ్ తగ్గించుకుని, చిన్న ఎస్ఎస్‌డీతో సరిపెట్టుకుని, ఆ మిగిలిన డబ్బు కూలర్‌కి పెడుతున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 80 డిగ్రీల సంగతి. ఏ ప్రాసెసర్‌కైనా గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో తయారుచేసిన కంపెనీయే ప్రకటిస్తుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600కి అది 90, రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95, ఇంటెల్ కోర్ ఐ5-12400కి 100 డిగ్రీలు. ఆ అంకె దగ్గరపడగానే చిప్ తనంతట తానే స్పీడ్, వోల్టేజ్ తగ్గించుకుంటుంది. అయినా వేడి ఆగకపోతే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది. 2022 సెప్టెంబరులో రైజెన్ 9 7950ఎక్స్ వచ్చినప్పుడైతే, అన్ని కోర్ల మీదా భారీ లోడ్ పడితే 95 దగ్గరే నిలబడి పనిచేయడం దాని డిజైన్ అని ఏఎండీ స్వయంగా చెప్పింది. వేడికి ఇంకా చోటుంటే స్పీడ్ పెంచుకుంటుంది, 95 తగిలాక అక్కడ సర్దుకుంటుంది, అంతే. ఈ భయానికి మూలం లేకపోలేదు. 2001లో హీట్‌సింక్ (చిప్ మీద కూర్చునే రేకుల లోహపు ముక్క) తీసేసి పరీక్షించినప్పుడు అప్పటి ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చిపోయింది, ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికింది. ఇప్పటి చిప్‌లన్నింటిలోనూ ఆ రక్షణ ఉంది.

పట్టించుకోవాల్సిన 80 వేరే ఉంది. ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు 80 చూపిస్తోందంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించారు, లేదా ఫ్యాన్ తిరగడం లేదు. వీడియో రెండర్ చేసేటప్పుడు 80, 85 కనిపించడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక లిక్విడ్ కూలర్. ఇది చలిని తయారుచేయదు. చిప్ దగ్గరి వేడిని నీళ్లతో రేడియేటర్ దాకా మోసుకెళ్లి గదిలోని గాలికే ఇస్తుంది. గాలి కూలర్ కూడా చివరికి చేసేది అదే. కాబట్టి రెండూ గది ఉష్ణోగ్రతకంటే కిందికి దించలేవు. ఉదాహరణకి ఒక కూలర్ ఫలానా లోడ్‌లో చిప్‌ని గది కంటే 45 డిగ్రీలు పైన ఉంచుతుందనుకుందాం. గది 25 ఉంటే చిప్ 70, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 40కి వస్తే చిప్ 85. లిక్విడ్ కూలర్ ఆ 45ని 35 చేస్తుందేమో, ఆ 15 డిగ్రీల ఎండని మాత్రం తీసేయలేదు. పైగా కోర్ ఐ9-13900కె పూర్తి లోడ్‌లో 253 వాట్ల దాకా తీసుకుంటుంది, ఆ వాట్లన్నీ వేడై మీ గదిలోకే వస్తాయి, కూలర్ ఏదైనా సరే. పెద్ద రేడియేటర్ అలాంటి చిప్‌కి పనికొస్తుంది, నేను కాదనను. కానీ 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరికే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ చాలు, చాలా సందర్భాల్లో ప్రాసెసర్ డబ్బాలో వచ్చే కూలరే చాలు. లిక్విడ్ కూలర్‌లో పంపు ఉంటుంది, ఆగిపోతే పని అక్కడే అయిపోయింది. ట్యూబుల గుండా నీళ్లు ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గిపోతుంటాయి కూడా. టవర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, అది మార్చుకుంటే మళ్లీ కొత్తదే.

మన ఇళ్లలో అసలు శత్రువు దుమ్ము. రోడ్డు పక్క ఇల్లయితే కొన్ని నెలలకే హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. ముందు వైపు అద్దం మూసి ఉన్న కేబినెట్ కాకుండా మెష్ ఉన్నది తీసుకోండి, ఫిల్టర్ కడగండి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ గిరగిరా తిరగకుండా వేలితో పట్టుకోండి. పక్క డోర్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఆ పూటకి వేడి తగ్గిస్తుంది, దుమ్ము మాత్రం రెట్టింపు లాగుతుంది. పేస్ట్ విషయానికొస్తే, చిప్ మూతకీ కూలర్‌కీ మధ్య కంటికి కనిపించని ఖాళీలు నింపడమే దాని పని. మంచి పేస్ట్ ఏళ్లు ఉంటుంది. కూలర్ విప్పినప్పుడో, అదే పనికి ముందుకంటే టెంపరేచర్ పెరిగిపోయినప్పుడో మార్చండి.

"ఓవర్‌క్లాక్ చేస్తే 30 శాతం ఫ్రీ" అన్నది ఒకప్పుడు నిజమే, నిజానికి అంతకంటే ఎక్కువే. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ బస్ స్పీడ్‌ని (చిప్ వేగానికి ఆధారమైన బోర్డు వేగం) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, అంటే 50 శాతం లాభం. అప్పట్లో కంపెనీలు అంత మిగులు వదిలేవి. ఇప్పుడు ఆ మిగులంతా కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే వాడేస్తున్నాయి. 2023 జనవరిలో వచ్చిన కోర్ ఐ9-13900కెఎస్ ఎవరూ ఏమీ చేయకుండానే 6 గిగాహెర్ట్జ్ కొడుతుంది, ఇక అక్కడ మనం పెంచేదేముంది? అసలు చాలామంది కొనే ఐ5-12400కి మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే గుణకం) లాక్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, దానికి తోడు జెడ్ సిరీస్ మదర్‌బోర్డు ఉండాలి, హెచ్610, బి760 బోర్డుల్లో కుదరదు. ఏఎండీ బి650లో కుదురుతుంది, ఏ620లో కుదరదు.

ఫ్రీ అన్న మాట కూడా తప్పే. చిప్ తినే పవర్ స్పీడ్‌తో పాటు, వోల్టేజ్ స్క్వేర్ (వోల్టేజ్‌ని దాంతోనే గుణిస్తే వచ్చేది) లెక్కన పెరుగుతుంది. 5 శాతం స్పీడ్ కోసం వోల్టేజ్‌ని 1.20 నుంచి 1.35కి పెంచారనుకోండి, పవర్ దాదాపు 33 శాతం పెరుగుతుంది. ఇదే లెక్క తిరగేస్తే మనకి లాభం: అదే స్పీడ్ దగ్గర వోల్టేజ్ 10 శాతం తగ్గించగలిగితే పవర్ సుమారు 19 శాతం పడిపోతుంది. వేడి తగ్గాలంటే కూలర్ కొనేముందు ఇది చేయండి. రైజెన్‌లో పవర్ పరిమితి తగ్గించే ఎకో మోడ్ ఉంది, వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌ని కొంచెం నెగటివ్‌లోకి దించొచ్చు. ఇంటెల్ అయితే బయోస్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రామ్) పవర్ లిమిట్ తగ్గించొచ్చు. గేముల్లో తేడా పెద్దగా తెలియదు, గది మాత్రం చల్లబడుతుంది, యూపీఎస్ ఇంకాస్త ఎక్కువసేపు నిలబడుతుంది.

చివరి మాటే అన్నింటికంటే ప్రమాదకరం. చల్లగా ఉంటే వోల్టేజ్ ఎంతైనా ఇవ్వొచ్చట! 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డి చిప్‌లు కొన్ని బోర్డుల్లో కాలిపోయి, అడుగు భాగం ఉబ్బిపోయాయి. మెమరీ స్పీడ్ పెంచే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని (చిప్‌లో మెమరీని నడిపే భాగానికి వెళ్లేది) ఎక్కువ ఇవ్వడం అక్కడి సమస్య. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టేస్తూ బయోస్ అప్‌డేట్లు ఇప్పించింది. ఇక ఇంటెల్ 13, 14వ తరం చిప్‌ల కథ 2024లో బయటపడింది. చిప్ అడగాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజ్ అడగడం వల్ల లోపలి సర్క్యూట్ ముందే ముసలిదైపోతోందని ఇంటెల్ ఒప్పుకుంది. వేడి కూడా తోడైతే ఆ అరుగుదల పెరుగుతుంది, అది నిజం. కానీ పెద్దగా పని లేకుండా, తేలికపాటి లోడ్‌తో ఉన్నప్పుడు కూడా ఈ అధిక వోల్టేజ్ వెళ్లేదని తేలింది. ఆ సమయంలో టెంపరేచర్ మీటర్ చూసినవాళ్లకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గేముల్లో వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ వస్తుంటే చాలామంది గ్రాఫిక్స్ కార్డుని అనుమానించారు, తప్పు ప్రాసెసర్‌ది.

ఆ రెండు తరాల్లో కె రకం చిప్‌లు, ఐ7, ఐ9 వాడుతున్నవాళ్లు 2024 సెప్టెంబరు తర్వాతి బయోస్ వేసుకున్నారో లేదో ఇవాళే చూసుకోండి. అది ఇకముందు నష్టం జరగకుండా ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. కారణం తెలియని క్రాష్‌లు వస్తుంటే ఆ చిప్‌లకి వారంటీని ఇంటెల్ మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పొడిగించిందని గుర్తుంచుకోండి. డబ్బాలో కొన్నదైతే నేరుగా ఇంటెల్‌కి, డబ్బా లేకుండా ట్రే చిప్ కొన్నట్లయితే కొన్న చోటే క్లెయిమ్ పెట్టాలి, బిల్లు దగ్గర పెట్టుకోండి.