ధ్యానం యాప్ గారికి, సతీసమేతంగా

మా ఫోన్లో కొలువున్న ధ్యానం యాప్ గారికి,

నమస్కారం. మొన్న పొద్దున మీరు నా ఫోన్ తెర మీద పూలు కురిపించి, "అభినందనలు! వరుసగా 212 రోజులు!" అన్నారు. ఆ పూలు రాలుతున్నప్పుడు మా గదిలో ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి ఈ ఉత్తరం.

అప్పటికి ఆరో నిమిషంలో ఉన్నాను. మీరు "శ్వాసను గమనించండి" అంటున్నారు, నేను గమనిస్తున్నాను. వెనక బీరువా తలుపు కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. తర్వాత సొరుగు లాగిన చప్పుడు, మాత్రల అట్ట చిటపటలు. కళ్లు తెరవకుండానే (తెరిస్తే ధ్యానం చెడిపోదూ!) "పది నిమిషాలు మనిషిని ప్రశాంతంగా కూర్చోనివ్వవా?" అని అరిచాను. మా ఆవిడ ఏమీ అనలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. రాత్రంతా ఆమెకి జ్వరమట. వెతికింది థర్మామీటరు కోసమట. అది నా మోకాలి పక్కనే ఉంది. మీరు దృష్టంతా శ్వాస మీదే పెట్టమన్నారు కదా, కనబడలేదు.

మీ వ్యాపారానికి మూలధనమైన మైండ్‌ఫుల్‌నెస్‌కి బౌద్ధ గ్రంథాల భాష పాళీలో అసలు పేరు 'సతి'. సంస్కృతంలో స్మృతి, అంటే జ్ఞాపకం. 1881లో రీస్ డేవిడ్స్ అనే పండితుడు దానికి ఆ ఇంగ్లీషు మాట వాడాడు. నేను పాళీ సతి కోసం కూర్చుని తెలుగు సతి మీద అరిచాను.

అంతేనా! బౌద్ధంలో బ్రహ్మవిహారాలు నాలుగు: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. మొదటి మూడూ ఇంకా పట్టుబడలేదు గానీ నాలుగోదాంట్లో ఆరితేరాను. అక్కడ ఉపేక్షంటే సమచిత్తం అట. నేను తెలుగు అర్థంలో సాధన చేశాను.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదులెండి. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 40 మంది మతవిద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి 1973లో అచ్చయింది. ప్రసంగం చెయ్యాలంటూ వాళ్లని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఏదో ఒక రకంగా సాయపడ్డారు. "ఆలస్యమైంది, పరుగెత్తండి" అనిపించుకున్నవాళ్లలో సాయపడింది 10 శాతం. వాళ్లలో సగం మంది చెప్పబోయే ప్రసంగం ఏమిటనుకున్నారు? దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న, బైబిల్లోని మంచి సమరయుడి కథ! నాకూ తొందరే మరి, మీ టైమర్ నడుస్తోంది.

ధ్యానం దండగ అని మాత్రం అనను. 2013లో అచ్చయిన ఇంకో ప్రయోగంలో, ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నవాళ్లలో దాదాపు సగం మంది, చంకకర్రలతో వచ్చిన మనిషికి లేచి కుర్చీ ఇచ్చారు. నేర్చుకోనివాళ్లలో ఇచ్చింది 16 శాతమే. అది పరీక్షని వాళ్లకి తెలియదు. లేచినందుకు ఎవరూ పూలు కురిపించలేదు, రోజులు లెక్కపెట్టలేదు. మీకూ, వాళ్లకీ తేడా నాకు అక్కడే కనబడింది. మా ఆఫీసువాళ్లకి ఇదేం పట్టదు. ముగ్గురి పని ఒకడి నెత్తిన వేసి, టెన్షన్‌గా ఉందంటే మీ చందా కట్టి చేతులు దులుపుకున్నారు. ఇలాంటి కొంగజపానికి మీరు ఆసనం అమ్ముతున్నారంటే కోపం తెచ్చుకోకండి, శ్వాసను గమనించండి.

నిన్న ఆమెని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రెండున్నర గంటలు వరసలో కూర్చున్నాం. ఆమె తల నా భుజం మీద పెట్టుకుంది గానీ మాట్లాడలేదు. మీ పది నిమిషాలు కుదరలేదు. అర్ధరాత్రి దాటగానే ఫోన్ మోగింది. "మీ వరుస తెగిపోయింది. కొంచెం కడితే అతికిస్తాం" అన్నారు. ఫోన్ ఆమె పక్కనే ఉంది. తీసి చదివింది. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే, జ్వరం గొంతుతో:

"కట్టండి, పాపం. అది కూడా అలిగినట్టుంది."

ఇట్లు,
212 రోజుల ప్రశాంతమూర్తి