జడకెక్కని గులాబీ గారికి

మహారాజశ్రీ డబుల్ డిలైట్ గారికి,

కందుకూరు నుంచి మీ మిద్దె తోటలో జీతం లేని పనివాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అంటే నేను క్షేమం. మీకు మాత్రం మళ్లీ బూడిద తెగులు పట్టింది.

ఆ రోజు కడియం మొక్కల బండి మా వీధిలోకి వచ్చినప్పుడు నేను కరివేపాకు మొక్క కోసమే బయటికి వెళ్లాను. బండతను మిమ్మల్ని పేరు పెట్టి పిలవను కూడా లేదు. "డబుల్ కలర్ సార్, ఒకటే మిగిలింది" అన్నాడు. మీ వెనకాల అలా ఒకటే మిగిలినవి ఇంకో పది ఉన్నాయి. మీగడ రంగు రేకులు, తాంబూలం వేసుకున్న పెదవుల్లా అంచున ఎరుపు. మూడు వందలు చెబితే రెండు వందల యాభై ఇచ్చి, గొప్ప బేరం చేశాననుకుంటూ మెట్లెక్కాను. కరివేపాకు మర్చిపోయాను. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

మొక్క నాటాక మీ కులగోత్రాలు ఆరా తీశాను. పెళ్లయ్యాక సంబంధం వాకబు చేసినట్టు. 1977లో అమెరికాలో అమ్మకానికి వచ్చారు. తల్లి 'గ్రనాడా' గులాబీ, తండ్రి 'గార్డెన్ పార్టీ' గులాబీ. తండ్రి వైపున, 1945లో ప్రపంచ యుద్ధం ముగిసేటప్పుడు శాంతి పేరు పెట్టుకున్న 'పీస్' గులాబీ మీకు తాత వరస. అలాంటి వంశంలో పుట్టి మా ఇంట్లో ఇన్ని గొడవలు ఎలా పెట్టగలిగారో! 1985లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య వారి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, మరుసటి ఏడాది సువాసనకు గ్యాంబుల్ మెడల్. ఇంత ఘనమైన బయోడేటాలో ఆరోగ్యం ఊసు మాత్రం ఎక్కడా లేదు.

గులాబీలు పెంచేవాళ్లను అడిగితే అప్పుడు చెప్పారు. "పువ్వు బంగారం సార్, ఆకు మాత్రం..." అని ఆగి, చెయ్యి తిప్పారు. చలి తగిలితే బూడిద తెగులు, తడి తగిలితే నల్లమచ్చ తెగులు, కాస్త మొగ్గ తొడిగితే తామర పురుగులు. మిమ్మల్ని తిట్టనివాళ్లను నేను చూడలేదు. పీకి పారేసినవాళ్లనీ చూడలేదు. ఒకాయన మిమ్మల్ని మూడుసార్లు చంపుకుని నాలుగోసారి కొన్నాడట. అదేదో పుణ్యకార్యంలా చెప్పాడు.

నా ఊడిగం సంగతి చెప్పుకోవాలి. ఉల్లితొక్కల నీళ్లు, వాడేసిన టీపొడి, వేపపిండి, కోడిగుడ్డు పెంకులు, అన్నీ మీకే. మా ఇంటి చెత్తబుట్ట ఎండిపోయింది. బూడిదకు గంధకం కొట్టమన్నారు. కొట్టాను. ఆ ఎండల్లో గంధకం కొడితే ఆకు మాడుతుందని తర్వాత చెప్పారు. రోహిణీ కార్తెలో మాడిపోతున్నారని గ్రీన్ నెట్ కట్టాను. నీడలో పూసిన పువ్వుకు ఎరుపు సరిగ్గా రాలేదు. ఎండ తగిలితేనే కదా మీకు సిగ్గు! రంగు కావాలంటే ఎండ, ప్రాణం నిలవాలంటే నీడ. నెట్ పొద్దున తీయడం, పదకొండింటికి కట్టడం. నా కన్నతండ్రికి కూడా ఇన్నిసార్లు దుప్పటి కప్పలేదు.

2022లో మా కందుకూరు కందుకూరే ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. ఒక్క జీవో, అంతే. మేమెవ్వరం ఆకులు రాల్చలేదు. మీ కుండీని తూర్పు గోడ దగ్గర్నుంచి పడమటి గోడ దగ్గరికి జరిపినందుకు మీరు వారం రోజులు రాల్చారు.

ఇవన్నీ భరించాను గానీ, అసలు ఫిర్యాదు ఇది కాదు.

మా ఇంట్లో పువ్వు అంటే కోసేది. తెల్లారితే కనకాంబరాలు, మల్లెలు, ఓ మూల పగిలిన బక్కెట్లో పన్నీరు గులాబీ. మా ఆవిడ సజ్జ పట్టుకుని వస్తుంది, సగం దేవుడికి, సగం జడలోకి. పన్నీరు గులాబీకి ఏ వంశవృక్షమూ తెలియదు. ఎవరూ మందు కొట్టరు. బియ్యం కడిగిన నీళ్లు తాగి పూస్తుంది. మీరొచ్చాక మిద్దె మీద కొత్త చట్టం వచ్చింది: దీన్ని కోయకూడదు. పొద్దున ఒక ఫొటో, ఎరుపు ఎక్కాక మధ్యాహ్నం ఒక ఫొటో, రేకులు వాడాక గుర్తుగా ఒక ఫొటో. తర్వాత కుండీలోనే రాలాలి. "దేవుడికి పెట్టరు, తల్లో పెట్టుకోనివ్వరు. ఇది పువ్వా, మ్యూజియమా?" అని మా ఆవిడ రెండేళ్లుగా అడుగుతోంది. నా దగ్గర జవాబు లేక ఎరువు వేసుకుంటూ కూర్చున్నాను.

మొన్న శుక్రవారం ఏడింటికి ఫోన్ పట్టుకుని పైకి వచ్చాను. ముందు రోజు సాయంత్రం సగం విచ్చిన మొగ్గ అది. మీ కొమ్మ చివర నున్నగా కోసిన గాటు ఒక్కటే ఉంది.

కిందికి పరుగెత్తాను. అప్పటికే మీరు లక్ష్మీదేవి పటం ముందు, ఇత్తడి చెంబులో. పదింటికల్లా పూర్తిగా విచ్చారు. ఎండ లేదు కదా, ఎరుపు అంచున దారమంత ఆగిపోయింది, లోపలంతా మీగడ. రెండేళ్లలో మీ అంత తెల్లటి పువ్వును నేను చూడలేదు. వంటింట్లో చేపల పులుసు ఉడుకుతోంది (శుక్రవారం నాడు చేపలేంటని అడక్కండి, అది మరో లేఖ). మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు వాసనను దాటుకుని మీ వాసన హాల్లోకి వచ్చింది.

మా ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. "ఇదేంటి, దీనికి వాసన కూడా ఉందా?" అంది.

నేను ఫొటో తీద్దామని పటం దగ్గరికి వెళ్లబోయాను.

"ముందు కాళ్లు కడుక్కుని రండి" అంది.

ఇట్లు,
మీ పనివాడు