ఎర వేరు, వేషం వేరు

చర్చాంశం: ఆహారాన్ని దగ్గరికి రప్పించుకునే ప్రతి వేటజీవీ దేన్నో ఒకదాన్ని అనుకరిస్తోందనడం సబబేనా?

వాది: సబబే. పశ్చిమ ఇరాన్ కొండల్లోని సాలీడు తోక పామునే చూడండి. తోక చివర ఉబ్బెత్తు గడ్డ, దానికి అటూ ఇటూ కాళ్లలా సాగిన పొలుసులు. 1968లో దొరికిన పాముకి అది కణితేమో అనుకున్నారు. కొత్త జాతి అని 2006లో గానీ తేలలేదు. పాము రాయిలా పడుంటుంది, తోక మాత్రం సాలీడులా పాకుతుంది. పిట్ట పొడవబోయి నోట్లో పడుతుంది.

ప్రతివాది: దానికి ఒప్పుకుంటానండి. కానీ ఎలిగేటర్ స్నాపింగ్ తాబేలు మాటేమిటి? నీటి అడుగున నోరు తెరిచి కూర్చుంటే, నాలుక మీది తునక పురుగులా మెలికలు తిరుగుతుంది. ఏ జాతి పురుగు అది? చేపకి చిన్నగా కదిలేది ఏదైనా చాలు. వేషం కట్టాలంటే ముందు పాత్ర ఉండాలి కదా.

వాది: పాత్ర కావాలంటే ఫొట్యూరిస్ మిణుగురు ఉంది. ఫొటైనస్ అనే మరో రకం మిణుగురుల్లో మగది మెరిస్తే దాని ఆడది తన జాతికి తగ్గ వ్యవధి ఆగి బదులు మెరుస్తుంది. వాటిలో ఫొటైనస్ పైరాలిస్ అనే జాతికి ఆ వ్యవధి సుమారు 2 సెకన్లు. ఆ లెక్క తప్పితే మగది దిగి రాదు. ఫొట్యూరిస్ ఆడది సరిగ్గా ఆ లెక్కతోనే బదులిచ్చి, వచ్చినవాణ్ణి తినేస్తుందని కీటక శాస్త్రవేత్త జేమ్స్ లాయిడ్ 1965లో వెల్లడించారు. తిన్న మగవాటిలోని లూసిబుఫాజిన్ విషాలు దీని ఒంట్లో చేరి సాలీళ్ల నుంచి కాపాడతాయి కూడా.

ప్రతివాది: నా గీటురాయి మీరే చూపించారు: మోసపోయేది ఆ ఒక్క జాతి మగదే. బోలాస్ సాలీడు కూడా ఈ గీటురాయికి నిలుస్తుంది. ఆడ చిమ్మట వాసన వదిలి, మగవి రాగానే దారానికి వేలాడే జిగురు బొట్టును విసురుతుంది. మామూలు వలకి చిమ్మట పొలుసులు ఊడి అంటుకుంటాయి, చిమ్మట తప్పించుకుపోతుంది. ఈ జిగురు పల్చన. పొలుసుల కిందికి పాకి ఒంటిని పట్టుకుంటుంది. ఈ సాలీళ్లలో హచిన్‌సోని అనే జాతి మరీ నేర్పరి. అది రెండు రకాల్ని పడుతుంది: సాయంత్రం తిరిగే చిమ్మట ఒకటి, రాత్రి పొద్దుపోయాక తిరిగేది ఇంకొకటి. పొద్దుపోయే కొద్దీ మొదటిదాని వాసన తగ్గించేస్తుంది! ఇక ఆర్కిడ్ మాంటిస్ అనే పువ్వు రంగు వేట కీటకం అందమే గానీ, ఫలానా పువ్వులా ఉందని ఎవరైనా చూపగలరా?

వాది: అది ఒంటరిగా కొమ్మ మీద కూర్చున్నా పువ్వుల కంటే ఎక్కువ కీటకాలు వచ్చాయని 2014లో తేలింది. తేనెటీగ దాన్ని పువ్వే అనుకుంటే, పేరున్న పువ్వే కావాలా? పైగా దాని పిల్లలు ఆసియా తేనెటీగల సంకేత రసాయనాలనే వదులుతాయి.

ప్రతివాది: ఆ వాసన అనుకరణే. రంగు విషయంలో మాత్రం ఇంకా ఒప్పుకోలేను.

వాది: అయితే ఆస్ట్రేలియా మచ్చల మిడతను ఏ గంపలో వేస్తారు? ఆడ ఇలకోడి (సికాడా) లా టక్కుమని బదులిచ్చి మగవాటిని రప్పిస్తుంది. తను ఎన్నడూ కలవని జాతుల పాటలకీ సరైన క్షణంలోనే టక్కుమంటుంది.

ప్రతివాది: అంటే జాతిని కాదు, బదులిచ్చే నియమాన్ని పట్టుకుందన్నమాట. అలాగైతే పాత్ర ఒక జాతే కావాలన్న నా షరతు వదులుకోవాలి. తాబేలు నాలుకను మాత్రం వదలను.