సోలార్ వెనక్కి తోస్తే డీటీఆర్ పేలదు గానీ...

కాలనీ వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే గోల. అందరూ సోలార్ పెట్టుకుంటే కరెంటు వెనక్కి తన్ని డీటీఆర్, అంటే వీధి చివర ఉండే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుందని ఒకాయన. అదంతా సోలార్ కాదనడానికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ల సాకు అని ఇంకొకాయన. ఇద్దరి మాటా తప్పే.

డీటీఆర్ లోపలి వైండింగ్ (తీగచుట్ట) వేడెక్కేది కరెంటు ఎంత పోతోందన్నదాన్ని బట్టి. ఎటు పోతోందన్నది దానికి అనవసరం. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి. నీళ్లు వదిలితే కరెంటు గ్రిడ్‌కి వెళ్తుంది, తిరిగి పైకి తోడితే గ్రిడ్ నుంచి వస్తుంది, రెండూ అవే ట్రాన్స్‌ఫార్మర్ల గుండా. కాకపోతే అక్కడ రెండు పనులూ ఉంటాయని కట్టకముందే తెలుసు. మన వీధి చివర డీటీఆర్‌కి కేవీఏ (మోయగల సామర్థ్యం) ఎంత ఉండాలో లెక్కేసినవాళ్లు ఇలాంటి రోజొకటి వస్తుందనుకోలేదు. నా గొడవంతా ఆ లెక్కతోనే.

100 కేవీఏ డీటీఆర్ కింద 5 కిలోవాట్ల శాంక్షన్డ్ లోడ్ (మంజూరైన వాడకం) ఇళ్లు 40 ఉన్నాయనుకోండి. కాగితం మీద 200 కిలోవాట్లు. అయినా నడిచిపోతుంది. పెళ్లి భోజనాల్లాగా బంతుల వారీగా వాడతాం కాబట్టి. ఒకరి గీజరు పొద్దున, ఇంకొకరి ఏసీ రాత్రి. ఎండకి ఆ బంతుల లెక్క లేదు. నలభై డాబాల మీదా ఒకేసారి కాస్తుంది, ఇళ్లలో ఎవరూ లేని పనిరోజైనా సరే. ఇంటికి 5 కిలోవాట్ల చొప్పున అందరూ సోలార్ పెట్టారనుకోండి, వేడికి ప్యానెళ్లు కాస్త తగ్గి 150 కిలోవాట్లే వెనక్కి వచ్చాయనుకున్నా డీటీఆర్ మోయాల్సినదానికి కరెంటు ఒకటిన్నర రెట్లు, లోడ్ లాస్ (వైండింగ్‌లో వేడిగా పోయేది) రెండుంపావు రెట్లు. అదీ మే నెల మిట్టమధ్యాహ్నం! హాట్‌స్పాట్ (వైండింగ్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు) ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ లోపలి కాగితం ఇన్సులేషన్ రెండింతల వేగంతో ముసలిదవుతుంది. ఇదివరకు మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికేది, సాయంత్రం పీక్ వచ్చేలోగా ఆయిల్ చల్లారేది. ఇప్పుడు అదీ పోయింది.

అంతకన్నా ముందే వోల్టేజీ తంటా మొదలవుతుంది. డీటీఆర్ ప్లేటు చూడండి, 11 కేవీ/433 వోల్టులు. ఫేజుకి 250 అన్నమాట. లైను చివరి ఇంటికి చేరేసరికి తగ్గుతుంది కదా అని ముందే పెంచి పెట్టారు. సోలార్ వెనక్కి తోస్తుంటే చివర తగ్గకపోగా పెరుగుతుంది. 230 మీద పది శాతం, అంటే 253 దగ్గర ఆగేలా సెట్ చేసిన ఇన్వర్టర్‌కి మిగిలింది మూడే వోల్టులు. ఎండ బాగా కాసే వేళకే ట్రిప్ అవుతుంది, ఇంటాయన ప్యానెళ్లు అమ్మినవాణ్ణి తిడతాడు. పోనీ ట్యాప్ (డీటీఆర్ బయటికిచ్చే వోల్టేజీని మార్చే ఏర్పాటు) మార్చి వోల్టేజీ తగ్గిస్తే రాత్రిపూట చివరి ఇంట్లో ఫ్యాను ఈడుస్తుంది. సప్లై ఆపి తిప్పాల్సిన ట్యాప్‌ని పగలోసారి రాత్రోసారి ఎవరు తిప్పుతారు? చిన్న డీటీఆర్లలో చాలావాటికైతే ట్యాపులే ఉండవు.

ఇక "సాకు" అనే పెద్దమనిషికి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ తర్వాత 10 కిలోవాట్ల దాకా ఇంటి సోలార్‌కి ఫీజిబిలిటీ పరిశీలన (లైను తట్టుకుంటుందా అని చూడటం) లేకుండానే దరఖాస్తు ఆమోదించినట్టే. దరఖాస్తుదారుకి మంచిదే, నేను కాదనను. 5 కిలోవాట్ల దాకా లైన్లు, డీటీఆర్ బలపరిచే ఖర్చు డిస్కం భరించాలని కూడా అందులోనే ఉంది. కానీ విడివిడిగా చూస్తే ప్రతి దరఖాస్తూ చిన్నదే. అన్నీ ఒకే డీటీఆర్ మీద పడుతున్నాయని కూడి చూసేదెవరు?

కొత్త డీటీఆర్ ఎస్టిమేట్ వేసేటప్పుడు సాయంత్రం లోడ్‌తో పాటు మధ్యాహ్నం ఎంత వెనక్కి వస్తుందో కూడా లెక్కేయండి, రెండింట్లో ఏది పెద్దదైతే దానికి కేవీఏ ఎంచండి. ఇప్పుడున్నవాటి మీద కేవీఏ పక్కనే దాని కింద కలిసిన సోలార్ ఎంతో పెయింటుతో రాయండి. అడిగితే "సిస్టమ్‌లో ఉంటుంది సార్" అంటున్నారు. ఉంటే డీటీఆర్ గద్దె మీద రాయడానికేం?