అయిదు షాట్లు చూసి తూటాల లాట్ కొనకండి

టార్గెట్ షూటింగ్‌కు వాడే పాయింట్ టూ టూ (.22) రైఫిల్ కొత్తగా పట్టిన పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక సలహా చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: ఖరీదైన బ్రాండే కొనండి. ఒక పెట్టె తెచ్చి అయిదు షాట్లు కొట్టండి, అన్నీ ఒకచోట పడితే ఆ బ్రాండ్ మీ రైఫిల్‌కు కుదిరినట్టే. అంత డబ్బు లేకపోతే మామూలు తూటాలను తూకం వేసి వేరు చేసుకోండి. వేగం ఎక్కువున్న తూటా గాలికి తక్కువ జరుగుతుంది. ఇందులో ఒక్క మాట కూడా పూర్తిగా నిలబడదు. దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లలో అప్పు చేసి కొనేవాళ్లూ ఉన్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందు ధర సంగతి. ఖరీదైన తూటాల్లో వేగం షాటుకూ షాటుకూ తక్కువ మారుతుంది, తయారీ మెరుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఒకే బ్రాండ్‌లో, ఒకే ధరలో రెండు లాట్లు (ఒకే విడతలో తయారై ఒకే నంబరు పడిన తూటాలు ఒక లాట్) ఒకే బ్యారెల్‌లో వేర్వేరుగా పడతాయి. ధర ఒక్కటే తేల్చేదైతే తూటాలు తయారు చేసే ఎలీ కంపెనీ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, మరో కంపెనీ లాపువా జర్మనీలోని షోనెబెక్‌లో టెస్ట్ రేంజ్‌లు నడపాల్సిన పనేముంది? షూటర్లు రైఫిల్ అక్కడికే తీసుకెళ్తారు. దాన్ని బిగించి, ఒక్కో లాట్‌తో కొట్టి చూసి, బాగా పడిన లాట్‌నే కొంటారు. అక్కడ పరీక్షించేది బ్రాండ్‌ను కాదు, లాట్‌ను.

అసలు నష్టం అయిదు షాట్ల దగ్గరే జరుగుతుంది. ఏమీ మార్చకుండా, ఒకే రైఫిల్‌తో ఒకే లాట్‌లోంచి అయిదేసి షాట్ల గ్రూపులు పది కొట్టి చూడండి. చిన్న గ్రూపుకూ పెద్ద గ్రూపుకూ రెట్టింపు తేడా రావడం మామూలే. అది తూటా గుణం కాదు, యాదృచ్ఛికం. ఆ పదిలో చిన్నది మీకు మొదట పడితే ‘భలే లాట్’ అంటారు, పెద్దది పడితే పక్కన పడేస్తారు. పైగా గ్రూపు సైజు అంటే ఒకదానికొకటి బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలత. మిగతా మూడు షాట్లు చెప్పేది అందులోకి రానే రాదు. పది షాట్ల గ్రూపు అయిదు షాట్లదానికంటే సగటున నాలుగో వంతు పెద్దగా వస్తుంది కాబట్టి ఒకరి అయిదునూ మరొకరి పదినీ పోల్చడమూ కుదరదు.

లాట్‌కు కనీసం నలభై షాట్లు పదేసి గ్రూపులుగా కొట్టండి. ప్రతి రంధ్రం గ్రూపు మధ్యబిందువు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయండి. బ్రాండ్ మార్చినప్పుడు మొదటి పదిహేను, ఇరవై షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. తూటాలోంచి ఎగిరి వెళ్లే సీసపు గుండుకు పూసిన మైనం బ్యారెల్‌లో పాతదానిపై కొత్తగా పరుచుకోవాలి. రైఫిల్‌ను బిగించి కొట్టాలి, లేదా కనీసం రెస్ట్ (ఆనించే దిమ్మ) మీద పెట్టాలి. భుజం మీద పెట్టుకుని కొడితే తూటాలో లోపమేదో, మీ చేతిలో లోపమేదో తేలదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగ్ (పది పాయింట్లిచ్చే నడిమి వలయం) వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. సెకనుకు 325 మీటర్ల వేగంతో బయల్దేరే తూటాకు వేగం 10 మీటర్లు తగ్గితే, అక్కడికి చేరేసరికి సుమారు 7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. సరిగ్గా మధ్యలో పడాల్సిన షాట్ పది రింగ్ అంచుకు జారిపోతుంది.

తూకం వేసి వేరు చేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తూటాలో పేలుడు మందు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. తక్కెడ చూపించే తేడా చాలావరకు ఇత్తడి కేసుది, సీసానిది. మందు తేడా అందులో కలిసిపోతుంది. కేసు అడుగు అంచు (రిమ్)లో ఉండి మందును అంటించే ప్రైమింగ్ ఎంత సమంగా పరుచుకుందో ఏ తక్కెడా చెప్పదు.

ఇక వేగం. ఇది చూడ్డానికి సబబుగానే అనిపిస్తుంది, అందుకే ఎక్కువమంది నమ్ముతారు. గుండు గాలికి ఎంత పక్కకు జరుగుతుందన్నది ప్రయాణ సమయం మీద కాదు, గాలి నిరోధం వల్ల అది ఎంత ఆలస్యమైందన్నదాని మీద ఆధారపడుతుంది. సెకనుకు 380 మీటర్లతో బయల్దేరిన గుండును ధ్వని వేగం దగ్గర గాలి గట్టిగా వెనక్కి లాగుతుంది. 50 మీటర్లు చేరేసరికి అది ధ్వని వేగానికి దగ్గరపడుతుంది. ఫలితంగా పోటీల్లో వాడే, నెమ్మదిగా వెళ్లే మ్యాచ్ తూటాకంటే అదే ఎక్కువ పక్కకు పోతుంది. మ్యాచ్ తూటాలను ధ్వని వేగానికి కిందే ఉంచడం పొదుపు కోసం కాదు.

పిస్టల్ షూటర్ల లెక్క వేరు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లో, నిదానంగా గురిచూసి కొట్టే ప్రెసిషన్ దశ టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 50 మిల్లీమీటర్లు. అక్కడ ప్రతి తూటా తప్పకుండా పేలడం, తర్వాతది సాఫీగా ఎక్కడమే ముఖ్యం. లాట్ టెస్టుకు పెట్టే డబ్బు ప్రాక్టీస్‌కు పెట్టడం మేలు.

రైఫిల్ వాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మన దగ్గర మ్యాచ్ తూటాలు ఎక్కువగా దిగుమతి అయ్యేవే, కోరిన లాట్ మళ్లీ దొరక్కపోవచ్చు. రెండు మూడు లాట్ల నుంచి తలా అన్ని షాట్లకు సరిపడా పెట్టెలు తీసుకుని పైన చెప్పినట్టు కొట్టండి. గెలిచిన లాట్ నంబరుతోనే సీజన్ మొత్తానికి సరిపడా, మీ లైసెన్స్ పరిమితి ఒప్పుకున్నంత ఒకేసారి కొనండి.