బటన్ నొక్కడానికి నాలుగేళ్ళా?

మా పిన్ని కూతురికి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ ర్యాంకు ఎంబీబీఎస్ దాకా రాలేదు. బీఎస్సీ రేడియాలజీలో చేరతానంటే మా బాబాయి, "ఎక్స్‌రే బటన్ నొక్కడానికి మూడేళ్ళ చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్పా?" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ బటన్ నొక్కుతున్నదాన్ని, పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను.

మామూలు ఛాతీ ఎక్స్‌రేనే తీసుకో బాబాయ్. ఛాతీని ప్లేటుకి ఆనించి, ట్యూబుకి వీపు పెట్టి నిలబెట్టాలి. ట్యూబు ఆరడుగుల దూరంలో ఉండాలి. దగ్గరైతే గుండె ఉన్నదానికంటే పెద్దగా కనపడుతుంది, లేని జబ్బు ఉన్నట్టు అనుమానం వస్తుంది. మోచేతులు ముందుకి తిప్పించకపోతే భుజం రెక్కలు ఊపిరితిత్తుల మీద పడతాయి. గొలుసు, తాయెత్తు, పిన్నీసు అన్నీ తీయించాలి. నిండా గాలి పీల్పించి ఆపించాలి. అదీ హైదరాబాద్‌లో రెండు భాషల్లో: ఒకరికి "పీల్చండి, ఆపండి", వెనకాల వచ్చినవాళ్ళకి "సాస్ ఖీంచో, రోకో". పోయిన వారం ఒక పెద్దాయన "ఊపిరి ఆపండి" అన్నప్పుడల్లా "ఎందుకమ్మా?" అని అడుగుతాడు, అడగ్గానే గాలంతా పోతుంది. చివరికి రేడియేషన్‌ని ఆపే సీసపు అద్దం వెనక నేనే బుగ్గలు పూరించి చూపిస్తే, నవ్వాపుకుని బిగబట్టాడు. ఫిల్మ్ పాడైతే మళ్ళీ తీయాలి, అంటే ఆయన ఒంట్లోకి మళ్ళీ రేడియేషన్.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు కానీ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్ళిన ఒక రోగి బంధువుని అయస్కాంతం సిలిండర్‌తో సహా లాగేసింది, చనిపోయాడు. తలుపు దగ్గర ఎవరిని ఆపాలో తెలియడం కూడా మా చదువే.

నిజానికి నా కోపం బాబాయి మీద కాదు. ఆయనకి తెలియదు, అంతే. కోపం నేను చదివిన కాలేజీ మీద. నలభై మందిమి, ఒక పాత మిషన్. పొజిషన్లు బోర్డు మీద బొమ్మలేసి చెప్పారు. ఇంటర్న్‌షిప్‌లో ఏడాదంతా స్ట్రెచర్లు తోశాం, ఫిల్ములు కవర్లలో పెట్టాం, స్టైపెండ్ పైసా లేదు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు కూడా ఇవ్వలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి తగిలే రేడియేషన్ ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. బ్యాడ్జీయే లేకపోతే ఎవరు లెక్కేస్తారు? ఆ ఏడాది నాకెంత తగిలిందో ఏ రికార్డులోనూ లేదు. 2021లో మాలాంటి వైద్య అనుబంధ వృత్తులకంటూ జాతీయ కమిషన్ పెట్టే చట్టం వచ్చింది, సంతోషమే. పిల్లల మెడలో బ్యాడ్జీ ఉందో లేదో మాత్రం కాలేజీకి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే నిన్న పిన్ని కూతుర్ని వెంటబెట్టుకుని ఒక కాలేజీకి వెళ్ళాను. సీటీ మిషన్ చూపించమన్నాను. ఆఫీసులో ఆవిడ బ్రోచర్ తిప్పి ఫోటో చూపించింది. "ఇదేనమ్మా. ముందు అడ్వాన్స్ కట్టేయండి, సీట్లు అయిపోతున్నాయి."

మా చెల్లి ఆ ఫోటో వంక చూసి, "అక్కా, ఇందులో ప్లగ్ కూడా పెట్టలేదు" అంది.