మహారాజశ్రీ స్టార్ట్ మెనూ గారికి

బెంగళూరు, మారతహళ్లి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని నాకు తెలుసు. పోయిన ఆదివారం మిమ్మల్ని సర్దింది నేనే.

మీరు కాపురముంటున్న ఆ డెస్క్‌టాప్ ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అందులో విండోస్ 10 ఉంది. అనంతపురంలో పాతికేళ్లు డీటీపీ అంగడి నడిపిన మా నాన్న, ఇక్కడికి వచ్చాక ఊరికే కూర్చోలేక, చుట్టుపక్కల తెలుగువాళ్లకి శుభలేఖలు చేసిపెడుతున్నాడు. ఆయనకు కావాల్సినవి రెండే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్. వాటి కోసం మీ గుమ్మం తొక్కితే చేంతాడంత జాబితా. ఒక్క ప్రోగ్రాం అడిగితే దాని వెంట రీడ్ మీ, హెల్ప్, అన్‌ఇన్‌స్టాల్, కంపెనీ వెబ్‌సైటు, అన్నీ పెళ్లికొడుకు తరఫు బలగంలా దిగుతాయి. పాత యజమాని వదిలేసిన కన్నడ టైపింగ్ ప్రోగ్రాం 'నుడి' కూడా అందులోనే ఉంది. తీసేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "నుడి అంటే మాటే కదరా, ఉండనీ" అన్నాడు.

మీరెప్పుడైనా పోపుల డబ్బా చూశారా? ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు. నూనెలో కలిసి పడేవి డబ్బాలోనూ కలిసి ఉంటాయి. వాటిని అక్షరక్రమంలో పెట్టే ఇల్లాలు ఇంకా పుట్టలేదు. మీరు మాత్రం, ఆవాలు కావాలంటే ఏ కొట్లో కొన్నారో ముందు చెప్పమంటారు. ప్రోగ్రాం పేరు గుర్తుంటే చాలదు, దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు కూడా గుర్తుండాలి. ఫోల్డరు ఉండేది ఆ పేరుతోనే కదా!

అందుకే సర్దుదామని కూర్చున్నా. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫైల్ లొకేషన్ తెరిస్తే తెలిసింది, మీకున్నది ఒక ఇల్లు కాదని. ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్లో ఉన్నది వాడేవాళ్లందరికీ ఉమ్మడి, పిత్రార్జితం అన్నమాట. ఆప్‌డేటా అనే ఫోల్డర్లో ఉన్నది నా ఒక్కడి స్వార్జితం. బయటికి మాత్రం రెండూ కలిపి ఒకే ఆస్తిలా చూపిస్తారు. పిత్రార్జితం మీద చెయ్యి వేయగానే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలన్నారు. ఆ అడ్మినిస్ట్రేటర్ని నేనే. నన్ను నేనే అడిగి, నేనే ఒప్పుకుని ముందుకెళ్లాను.

చక్కగా తెలుగులో ఫోల్డర్లు పెట్టాను. రాత, లెక్కలు, బొమ్మలు, మరమ్మతు. ఎక్కడా ఇమడనివాటికి ఇతరములు. సగం సరుకు అందులోకే పోయిందనుకోండి, అది వేరే సంగతి. ఫోల్డర్లో ఫోల్డర్ పెడితే లోపలి అరలు పీకేసి అన్నీ ఒకే వరసలో కుమ్మరించారు. సరే అనుకున్నా. తీరా చూస్తే నా తెలుగు ఫోల్డర్లన్నీ ఇంగ్లిష్ జడ్ కూడా దాటాక, జాబితా అట్టడుగున ఉన్నాయి. వాటిలోనూ అచ్చుతో మొదలైన పుణ్యానికి ఇతరములే ముందు నిలబడింది.

శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా నాన్న ఫోను. రాత్రికల్లా ప్రెస్సుకి కార్డు పంపాలి.

"నాలుగు తిప్పులు, పైనుంచి మూడోది. యాడ పెట్టినావురా దాన్ని?"

నాకు అర్థం కావడానికి ఒక సిగ్నల్ పట్టింది. మౌస్ చక్రం నాలుగుసార్లు తిప్పితే పైనుంచి మూడో ఫోల్డరు. ఆయన ఇన్నాళ్లూ మీలో ఒక్క పేరూ చదవలేదు! వేలితో కొలుచుకున్నాడు. "అంగట్లో నా సామాను ఏనాడన్నా ముట్టుకున్నావా నువ్వు?" అని పెట్టేశాడు. ఇంటికెళ్లి చూస్తే పేజ్‌మేకర్ నేను పెట్టిన 'రాత'లో పదిలంగా ఉంది. ఎవరి రాత అని అడగకండి.

మీకూ ఇల్లు మారడం కొత్త కాదు లెండి. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చి తెర అడుగున ఎడమవైపు, అంటే నైరుతి మూలన స్థిరపడ్డారు. నైరుతిలో బరువుండాలన్నది వాస్తు, ఎవరూ కాదనలేదు. 2012లో విండోస్ 8 రాగానే అలిగి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది 8.1లో బటన్ ఒక్కటే వచ్చింది, ఇల్లు కట్టకుండా గుమ్మం ఎత్తినట్టు. 2015లో పదితో కాపురానికొచ్చారు. 2021లో పదకొండు వచ్చేసరికి అడుగున నట్టనడుమకి, అంటే సరిగ్గా దక్షిణానికి జరిగారు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే మళ్లీ మూలకి జరపొచ్చట. అయినా యముడి దిక్కున కూర్చోమని మీకు సలహా ఇచ్చిన సిద్ధాంతి ఎవరండీ?

ఆపడానికి కూడా స్టార్టే నొక్కాలా అని లోకమంతా మిమ్మల్ని ఎగతాళి చేసింది. నేను మాత్రం చెయ్యను. పోతూ పోతూ వెళ్లొస్తానంటాం, దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం. ఈ ఒక్క విషయంలో మీరు మావాళ్లే.

శనివారం అన్నీ యథాస్థానంలో పెట్టాను. లెక్క కుదరలేదు. ఈలోగా ఏదో ప్రోగ్రాం అప్‌డేట్ అయి, పాత చోట తన షార్ట్‌కట్ తనే మళ్లీ పెట్టుకుంది. ఇప్పుడు అవి కవలలు. నాన్న నాలుగు తిప్పులూ తిప్పి మూడోది నొక్కితే ప్రింటర్ తాలూకుది తెరుచుకుంది.

చివరికి మా అమ్మాయి అందుకుంది. "తాతా, విండోస్ మీట నొక్కి పేరు కొట్టు చాలు, అదే వస్తుంది." ఆయన ఇంగ్లిష్ అక్షరాల్లో 'పెళ్లి' అని కొట్టాడు. ఆయన దృష్టిలో దాని పేరు అదే. వెబ్‌లో వెతకమంటారా అన్నారు మీరు. డెబ్బై ఏళ్ల మనిషికి!

దాంతో పేజ్‌మేకర్ షార్ట్‌కట్ పేరునే 'పెళ్లి' అని మార్చేశాను. ఇప్పుడు కొట్టగానే వస్తోంది. మరి అను స్క్రిప్ట్ మేనేజర్‌కి ఏం పేరు పెట్టమంటావని అడిగితే కాసేపు ఆలోచించి "అక్షింతలు" అన్నాడు. పెట్టేశాను.

ఇట్లు
తమ అడ్మినిస్ట్రేటర్ (మీరే అన్నారు)